వర్కింగ్ ఫైళ్లు ఎవరివి, అంతర్గత రికార్డులు ఏవి: ఒక స్ట్రక్చరల్ డిజైన్ ఒప్పందం మీద కేస్ స్టడీ

వివాదానికి మూలం ఒప్పందంలోని రెండు వాక్యాలు. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది, ఆ రెండు వాక్యాల సారాంశం ఇది: "ఈ సేవల నిమిత్తం కన్సల్టెంట్ తయారుచేసిన డ్రాయింగులు, లెక్కలు, వర్కింగ్ ఫైళ్లు, ఇతర పత్రాలన్నీ క్లయింటు ఆస్తి. కన్సల్టెంట్ అంతర్గత రికార్డులకు ఇది వర్తించదు."

నిర్వచనాల క్లాజులో సైటుకు, ఫీజుకు, పని దినానికి, చివరికి నోటీసు అందినట్టు ఎప్పుడు భావించాలన్నదానికి కూడా అర్థాలు రాసుకున్నారు. వర్కింగ్ ఫైళ్లు అంటే ఏవి, అంతర్గత రికార్డులు అంటే ఏవి అన్నది మాత్రం ఎక్కడా లేదు. సంబంధం బాగున్నంత కాలం ఆ లోటు ఎవరికీ కనబడలేదు. తెగిన రోజున ఒకే ఫైలును పట్టుకుని క్లయింటు మొదటి వాక్యం చూపించారు, కన్సల్టెంట్ రెండో వాక్యం చూపించారు. ఇద్దరి వాదనలోనూ బలం ఉంది.

క్లయింటు హైదరాబాద్ పశ్చిమాన అపార్టుమెంట్లు కట్టే బిల్డర్. కన్సల్టెంట్ ఒక చిన్న స్ట్రక్చరల్ డిజైన్ సంస్థ. నేను సంస్థ తరఫు న్యాయవాదిని. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి, రెండు పక్షాల అంగీకారంతో ఇది రాస్తున్నాను. ఇలాంటి ఒప్పందాలు రోజూ సంతకాలవుతున్నాయి. వాటిలో చాలావాటిని పాత ఒప్పందం నుంచి పేరాలు తెచ్చి అతికించే తయారుచేస్తున్నారు.

పని ఆగిన చోటు

రెండు సెల్లార్లు, పైన పద్నాలుగు అంతస్తుల భవనం అది. డిజైన్ మొత్తం ఈటాబ్స్‌లో చేశారు. భవనాన్ని కంప్యూటర్‌లో మోడల్‌గా కట్టి భారాలు లెక్కవేసే సాఫ్ట్‌వేర్ అది. ఐదో అంతస్తు శ్లాబు వరకు నిర్మాణానికి తుది డ్రాయింగులు సైటుకు వెళ్లాయి. అప్పుడు బిల్డర్‌తో కొత్త పెట్టుబడి భాగస్వామి చేరారు. ఆయన తనకు అలవాటైన వేరే కన్సల్టెంట్‌ను తెచ్చుకున్నారు. పాత సంస్థకు ఒప్పందం రద్దు నోటీసు వెళ్లింది. మూడో దశ బిల్లు అప్పటికి బకాయి ఉంది.

కొత్త కన్సల్టెంట్ ఒక షరతు పెట్టారు: పాత మోడల్ ఫైలు ఇస్తేనే మిగతా అంతస్తుల బాధ్యత తీసుకుంటానన్నారు. ఆ షరతు న్యాయమైనదే. కింద పోసిన స్తంభాలు ఏ భారానికి లెక్కవేశారో తెలియకుండా, వాటి పైన తొమ్మిది అంతస్తులకు సంతకం పెట్టమంటే ఏ ఇంజనీరూ పెట్టకూడదు. పీడీఎఫ్ డ్రాయింగుల నుంచి మోడల్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టవచ్చు. అయితే దానికి సమయం పడుతుంది, పాత డిజైనర్ ఏ ఊహలతో లెక్క వేశారన్నది అప్పటికీ బయటపడదు.

బిల్డర్ పంపిన లీగల్ నోటీసులో కోరినవి ఇవి: మోడల్ ఫైళ్లు, పునాదుల లెక్కల ఎక్సెల్ షీట్లు, ఎడిట్ చేయగల డ్రాయింగు ఫైళ్లు, సైటు సందర్శన నోట్లు, ఇంజనీర్ల మధ్య నడిచిన మెయిళ్లు, ఆఫీసులో సీనియర్లు చేసిన రివ్యూ కాగితాలు. వీటితో పాటు, ఈ ప్రాజెక్టు మీద ఎవరెవరు ఎన్ని గంటలు పనిచేశారో చూపే పట్టికలు. ఈ చివరిది బిల్లు మీద బేరానికి అడిగారన్నది స్పష్టం.

నోటీసు చూసి మా సంస్థ యజమాని అన్నది ఇది: "బకాయి ఇచ్చేదాకా ఒక్క ఫైలు కూడా కదలదు. అవన్నీ మా ఇంటర్నల్ రికార్డులే కదండీ." రెండో మాట ఎంత దూరం నిలుస్తుందో చూడటానికి ముందు, మొదటి మాట నిలవదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

బకాయి కోసం కాగితం పట్టుకోవచ్చా

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో రెండు సెక్షన్లున్నాయి. 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద నైపుణ్యంతోనో శ్రమతోనో పని చేయమని అప్పగిస్తే, ఆ పని కూలి అందేదాకా ఆ వస్తువును ఉంచుకోవచ్చు. 171వ సెక్షన్ ఏ బకాయికైనా సరే చేతిలో ఉన్న వస్తువును పట్టుకునే హక్కు ఇస్తుంది, కానీ కొందరికే: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు), ఓడరేవు గిడ్డంగి నిర్వాహకులు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీ బ్రోకర్లు. ఇంజనీరింగ్ కన్సల్టెంట్ ఆ జాబితాలో లేడు. ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప ఆ హక్కు రాదు.

న్యాయవాదుల సంగతిలో 2000లో సుప్రీంకోర్టు ఆర్.డి. సక్సేనా కేసులో మరో అడుగు ముందుకు వేసింది. కేసు ఫైళ్లు 171వ సెక్షన్ చెప్పే వస్తువుల కిందికి రావని, ఫీజు బకాయి పేరుతో క్లయింటు ఫైళ్లను న్యాయవాది ఆపుకోకూడదని తేల్చింది. ఆ తీర్పు న్యాయవాద వృత్తికి సంబంధించినది. ఇంజనీర్లకు నేరుగా వర్తించదు. అయినా క్లయింటు ఇచ్చిన మట్టి పరీక్ష నివేదిక, సర్వే మ్యాపు, ఆర్కిటెక్ట్ డ్రాయింగులు బీరువాలో పెట్టుకుని బకాయి అడగడం ఏ మధ్యవర్తి ముందు చూసినా బాగుండదు. నోటీసు గడువు ముగియకముందే వాటిని రసీదు తీసుకుని వెనక్కి ఇప్పించాను. వాటి మీద వాదించేది ఏమీ లేదు కూడా.

మిగిలింది అసలు సమస్య.

ఇక్కడ రెండు హక్కులను విడదీసి చూడాలి. కాగితం లేదా ఫైలు ఎవరిదన్నది ఒకటి, అందులోని కృతి మీద కాపీరైట్ ఎవరిదన్నది మరొకటి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం డ్రాయింగు కళాకృతే. నిర్వచనంలో రేఖాచిత్రం, ప్లాను అన్నీ ఉన్నాయి. 17వ సెక్షన్ ప్రకారం దానికి మొదటి యజమాని రచయిత, ఉద్యోగి గీస్తే సంస్థ. డబ్బిచ్చి చేయించుకున్నవారికే మొదటి నుంచీ హక్కు దక్కే మినహాయింపు ఫోటోలు, చిత్తరువులు, సినిమాల వంటి కొన్నింటికే ఉంది. ఇంజనీరింగ్ డ్రాయింగు ఆ జాబితాలో లేదు. డబ్బిచ్చాం కాబట్టి కాపీరైట్ మాదేననే నమ్మకం బిల్డర్లలో బలంగా ఉంది. చట్టం అలా చెప్పడం లేదు. హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో రాతలో ఉండాలి, ఏ కృతి, ఏ హక్కులు అన్నది తెలియాలి. కాలవ్యవధి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. మా ఒప్పందంలో "క్లయింటు ఆస్తి" అన్న మాటకు కాపీరైట్ బదిలీ చేసేంత బరువు ఉందా అన్నది వాదించదగ్గ విషయమే.

ఫైలు ఎవరిదన్న ప్రశ్నకు పాత ఇంగ్లండు తీర్పులు రెండు బాగా పనికొస్తాయి. మన కోర్టులు వాటికి కట్టుబడి ఉండనక్కరలేదు, కానీ తర్కం బలమైనది. 1941 నాటి లీసెస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ కేసులో, ఆస్తుల విలువ కట్టే నిపుణులు తమ పని తాము చేసుకోవడానికి రాసుకున్న నోట్లను కౌన్సిల్ అడిగింది. అప్పీలు కోర్టు కుదరదంది: నిపుణుడు తన సొంత సహాయానికి తయారుచేసుకున్నవి నిపుణుడివే. 1953 నాటి చాంట్రీ మార్టిన్ కేసులో అదే కోర్టు ఇంకొంచెం సన్నగా గీత గీసింది. ఆడిట్ చేయడానికి అకౌంటెంట్లు రాసుకున్న వర్కింగ్ పేపర్లు వాళ్లవే. కానీ క్లయింటు తరఫు ఏజెంటుగా పన్నుల శాఖతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు క్లయింటువి. ఒకే సంస్థ, ఒకే క్లయింటు, ఒకే బీరువా. అయినా రెండు రకాల కాగితాలకు ఇద్దరు యజమానులు. ఫైలు ఎక్కడుంది, దానికి ఏ పేరు పెట్టారు అన్నది కోర్టు పట్టించుకోలేదు. ఏ పని కోసం, ఏ హోదాలో తయారైంది అన్నదే చూసింది.

ఆడిటర్లకు మన దేశంలోనూ ఈ చిక్కు లేదు. వారి నాణ్యతా ప్రమాణాలే వర్కింగ్ పేపర్లు ఆడిట్ సంస్థవని చెబుతాయి, మామూలుగా ఏడేళ్లకు తగ్గకుండా దాచమంటాయి. ఆర్కిటెక్టులకు 1972 చట్టం, దాని కింద కౌన్సిల్ ఉన్నాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్లకు అలాంటి కేంద్ర చట్టం లేదు. అందుకే వారి విషయంలో ఒప్పందంలో ఏం రాసుకున్నారో అదే ఆధారం. మిగతా వృత్తుల కన్నా ఇక్కడ నిర్వచనం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

సర్వర్ ముందు కూర్చుని

నోటీసుకు జవాబు రాసే ముందు సంస్థ సర్వర్‌లో ఆ ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం, సీనియర్ ఇంజనీర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఈ పనిని చాలామంది న్యాయవాదులు తమ కక్షిదారుకే వదిలేస్తారు. వదిలేయకూడదు. జాబితాలో చూసిన ఫైలు పేరుకు, తెరిచి చూసిన ఫైలుకు చాలా తేడా ఉంటుంది.

ఫోల్డర్లు చక్కగా ఉన్నాయి: ఇన్‌పుట్లు, మోడల్, లెక్కలు, డ్రాయింగులు, జారీ చేసినవి, రివ్యూ, ఆఫీసు. పేర్లను బట్టి చూస్తే మొదటి ఐదూ ప్రాజెక్టువి, చివరి రెండూ అంతర్గతం. కానీ లోపల చూస్తే ఆఫీసు ఫోల్డర్‌లో ఆర్కిటెక్ట్ పంపిన మార్పుల పట్టిక ఉంది, ఎవరో పొరపాటున అక్కడ పెట్టారు. లెక్కల ఫోల్డర్‌లో పునాదుల డిజైన్ ఎక్సెల్ ఉంది. అందులో ఈ భవనం అంకెలున్న షీటు ఒకటే. మిగతా షీట్లు సంస్థ ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చిన ఫార్ములాలు. కాంక్రీటు నిర్మాణాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తనిఖీలన్నీ ఒక దాని వెనుక ఒకటి వరుసగా జరిగేలా అల్లిన సాధనం అది. దాన్ని అలాగే ఇచ్చేస్తే ఈ ఒక్క భవనం లెక్కతో పాటు సంస్థ పని విధానమంతా పోటీ సంస్థ చేతికి వెళుతుంది.

ఇన్‌పుట్ల ఫోల్డర్‌లో మరొకటి కనబడింది. కొందరు కొనుగోలుదారులు తమ ఫ్లాట్లలో గోడ మార్చమనో, స్నానాల గది జరపమనో అడిగిన వివరాల పట్టిక. పేర్లు, ఫోన్ నంబర్లతో సహా ఉంది. డిజైన్‌కు ఫ్లాటు నంబరు, మార్పు చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఉద్దేశం ప్రకారం అవసరం తీరిన వ్యక్తిగత వివరాలు అక్కడ ఉండకూడదు. నకళ్లలో పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఆ రెండు నిలువు వరుసలు తీసేయించాం.

సైటు సూచనల్లో ఎక్కువ భాగం ఫోల్డర్లలోనే లేవు, వాట్సాప్‌లో ఉన్నాయి. సైటు ఇంజనీరు కట్టిన ఇనుము ఫోటో పంపుతాడు, డిజైన్ ఇంజనీరు చూసి "రింగుల దూరం సరిచేసి పోయండి" అంటాడు. ఆ వాక్యం ఒక సాంకేతిక ఆదేశం. ఇంజనీరు సొంత ఫోన్‌లో ఉన్నంత మాత్రాన అది అతని వ్యక్తిగత సంభాషణ కాదు, సంస్థ అంతర్గత రికార్డు కూడా కాదు. సైటులో ఆ మాట ప్రకారమే కాంక్రీటు పోశారు. కాబట్టి అది ప్రాజెక్టు రికార్డు.

ఒక కాగితం సంగతి

రివ్యూ ఫోల్డర్‌లో స్కాన్ చేసిన ఒక పేజీ దగ్గర నేను ఆగిపోయాను. స్తంభాల భారాల పట్టిక ప్రింటు తీసి, సీనియర్ ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం. అంచున ఇలా ఉంది: "ట్యాంకు రెండో మెట్ల వైపు జరిగింది. సి-14, సి-15 మీద భారం మారింది. మోడల్‌లో మార్చారా?" దాని కింద జూనియర్ జవాబు: "మోడల్ మార్చాను. స్తంభాల షెడ్యూలు సవరించాలి."

సవరించిన షెడ్యూలు, అంటే ఏ స్తంభానికి ఎంత సైజు, ఎంత ఇనుము అని చూపే పట్టిక, సైటుకు వెళ్లలేదు. ఈ మధ్యలోనే ఒప్పందం రద్దయింది. అంటే పైకప్పు మీద నీళ్ల ట్యాంకు చోటు మారిన విషయం మోడల్‌లో ఉంది, డ్రాయింగులో లేదు. బిల్డర్ చేతిలో ఉన్నది పాత షెడ్యూలు.

ఒప్పందాన్ని అక్షరాలా చదివితే ఈ కాగితం అంతర్గత రికార్డు కోవలోకి వస్తుంది. ఒక ఇంజనీరు తోటి ఇంజనీరుకు వేసిన ప్రశ్న అది. ఆఫీసు దాటి వెళ్లడానికి రాసింది కాదు. సంస్థ యజమాని భయమూ నాకు అర్థమైంది. ఇలాంటి కాగితం ఎదుటి పక్షం చేతిలో పడితే, "మీరే తప్పు ఒప్పుకున్నారు" అని రేపు మధ్యవర్తి ముందు చదువుతారు. రివ్యూలో రాసే ప్రతి సందేహం సాక్ష్యంగా మారుతుందంటే సీనియర్లు సందేహాలు రాయడమే మానేస్తారు. మొహమాటం లేకుండా ఒకరి పనిని ఒకరు దిద్దుకోవడం వల్లే భవనాలు నిలబడతాయి. రివ్యూ కాగితాలను కాపాడటం కేవలం సంస్థ స్వార్థం కాదు, ప్రజల భద్రతకు కూడా అది అవసరమే.

కానీ అదే భద్రత కోసం ఆ కాగితంలో తేలిన విషయాన్ని దాచడం కుదరదు. నేను యజమానితో అన్నమాట ఇది: కాగితం మీది, అందులో బయటపడిన విషయం మీది కాదు. ట్యాంకు భారం సి-14 మీద పడుతుందన్న నిజాన్ని అంతర్గతమని ఏ క్లాజూ చేయలేదు. దాన్ని తెలియజేయమని ఒప్పందం చెప్పకపోయినా చెప్పి తీరాలి. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు. బకాయి చర్చ ఎక్కడున్నా, ఆ విషయం మాత్రం వెంటనే వెళ్లాలన్నారు.

మర్నాడే సాంకేతిక సూచన లేఖ వెళ్లింది. రివ్యూ కాగితం జత చేయలేదు. ఏం మారింది, ఏ స్తంభాల మీద ప్రభావం ఉంది, ఏ అంతస్తు నుంచి పాత షెడ్యూలు వాడకూడదు అన్నవి మాత్రం రాశారు. లెక్క చూస్తే కింది ఐదు అంతస్తులకు ఇబ్బంది లేదు. మొత్తం భారంలో ట్యాంకు వాటా అక్కడ చిన్నది, స్తంభాల సైజు కూడా అక్కడ తగ్గించలేదు కాబట్టి తట్టుకునే శక్తి మిగిలి ఉంది. పై అంతస్తుల్లో స్తంభాలు సన్నబడతాయి, మోసే భారంలో ట్యాంకు వాటా పెద్దదవుతుంది; ఇనుము పెంచాల్సింది అక్కడే. ఆ అంతస్తులు ఇంకా కట్టలేదు.

ఈ లేఖ తర్వాత చర్చల తీరే మారింది. బిల్డర్ తరఫు ప్రాజెక్టు మేనేజరు ఫోన్ చేసి, "సార్, ఇది చెప్పినందుకు థ్యాంక్స్. మిగతావి కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు.

అంతర్గతం అన్న ముద్రకు ఉన్న పరిమితి గురించి మరో మాట చెప్పాలి. ఒప్పందంలో అంతర్గత రికార్డు అని రాసుకున్నంత మాత్రాన దానికి కోర్టులో రక్షణ రాదు. న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియమం ఇచ్చే రక్షణ వేరు. ఇంజనీరు తోటి ఇంజనీరుకు రాసిన నోటుకు అది లేదు. వాణిజ్య కోర్టుల చట్టం, 2015 వచ్చాక, వాణిజ్య దావాలో పార్టీ తన అధీనంలో ఉన్న సంబంధిత పత్రాలన్నీ, తనకు వ్యతిరేకమైనవి కూడా, బయటపెట్టాలి. నిర్వచనం తేల్చేది ఒప్పందం కింద ఎవరు ఎవరికి ఏమి ఇవ్వాలన్నది మాత్రమే. కోర్టు అడిగినప్పుడు చూపకుండా ఆపే శక్తి దానికి లేదు. ఈ సంగతి చెప్పకుండా సంస్థలకు అంతర్గత రికార్డుల క్లాజు రాసివ్వడం వారికి తప్పుడు ధీమా ఇవ్వడమే.

కుదిరిన ఒప్పందం

బిల్డర్ కార్యాలయంలో రెండు పక్షాల ఇంజనీర్లూ, న్యాయవాదులూ కూర్చున్నాం. హక్కుల చర్చ పక్కన పెట్టి, కొత్త కన్సల్టెంట్‌ను ఒకటే అడిగాను: మిగతా అంతస్తులకు మీరు సంతకం పెట్టాలంటే మీ ముందు ఏమేం ఉండాలి? ఆయన చెప్పిన జాబితా లీగల్ నోటీసులోని జాబితాలో సగం కూడా లేదు. ఆయనకు గంటల పట్టికలు అక్కరలేదు, మెయిళ్లు అక్కరలేదు. మోడల్ ఫైలు కావాలి, భారాల ఊహలు కావాలి, పునాదుల లెక్క ఫలితాలు కావాలి, సైటులో డ్రాయింగుకు భిన్నంగా చేసిన మార్పులు తెలియాలి.

మోడల్ ఫైలు ఇచ్చాం. అది ఈ భవనం కోసమే తయారైంది, ఈ భవనం లేకపోతే దానికి ఉనికే లేదు. అలాంటి దాన్ని అంతర్గతమని వాదించడం నాకు సమంజసంగా తోచలేదు. అయితే ఈ భవనానికే వాడాలని, ఇంకెవరైనా మార్చిన తర్వాత దాని ఫలితాలకు పాత సంస్థ బాధ్యత ఉండదని, మార్చిన డ్రాయింగుల మీద పాత సంస్థ పేరున్న టైటిల్ బ్లాకు తీసేయాలని రాసుకున్నాం. ఏ వెర్షన్‌లో ఇస్తున్నామో కూడా రాశాం. కొత్త వెర్షన్‌లో దాచిన మోడల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, తర్వాత అదే ఇంకో తగాదా అవుతుంది.

పునాదుల ఎక్సెల్ దగ్గర బిగుసుకుంది. బిల్డర్ పక్షం ఎడిట్ చేయగల ఫైలే కావాలన్నారు. చివరికి ఇన్‌పుట్ అంకెలు, వాడిన సూత్రాలు, మధ్య ఫలితాలు, తుది ఫలితాలు అన్నీ కనబడేలా పీడీఎఫ్ ఇచ్చాం. ఇంకో ఇంజనీరు చేత్తో లెక్క వేసి సరిచూసుకోగలగాలి, అదీ కొలబద్ద. సాధనం సంస్థ దగ్గరే ఉంది. వాట్సాప్ సూచనలను తేదీల వారీగా ఒక పట్టికలోకి ఎక్కించి, ఇద్దరు ఇంజనీర్లూ సంతకం చేసి ఇచ్చారు. గంటల పట్టికలు, ఫీజు లెక్కలు, రివ్యూ కాగితాలు ఇవ్వలేదు. రివ్యూలో ఇంకా తెగని సాంకేతిక అంశాలేవీ మిగల్లేదని సీనియర్ ఇంజనీరు లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. బకాయిలో వివాదం లేని భాగం ఫైళ్లు అందిన రోజే చెల్లించారు. వివాదం ఉన్న భాగం మీద విడిగా మాట్లాడుకున్నారు. దాన్ని ఫైళ్లతో ముడిపెట్టలేదు.

ఆ తర్వాత రాసిన క్లాజు

ఆ సంస్థ ఇప్పుడు వాడుతున్న నమూనా ఒప్పందంలో నిర్వచనాలు ఈ అనుభవం నుంచి వచ్చినవే. ముఖ్యమైన వాటి సారం తెలుగులో:

"వర్కింగ్ ఫైలు అంటే ఈ భవనం డిజైన్‌ను రూపొందించడానికి గానీ, సరిచూడటానికి గానీ, కొనసాగించడానికి గానీ అవసరమై, ఈ ప్రాజెక్టు కోసమే తయారుచేసిన ఫైలు, పత్రం లేదా సందేశం. అది ఏ రూపంలో ఉన్నా, ఎవరి పరికరంలో ఉన్నా, ఏ ఫోల్డర్‌లో ఉన్నా సరే. సైటుకు ఫోన్‌లో ఇచ్చిన సాంకేతిక సూచనలు కూడా ఇందులో చేరతాయి."

"అంతర్గత రికార్డు అంటే కన్సల్టెంట్ తన సంస్థను నడుపుకోవడానికి, తన సిబ్బంది పనిని దిద్దడానికి, లేదా తన ఖర్చును లెక్కించుకోవడానికి తయారుచేసుకున్న పత్రం, క్లయింటుకు గానీ సైటుకు గానీ పంపే ఉద్దేశం లేనిది. సిబ్బంది గంటల పట్టికలు, ఫీజు అంచనాలు, రివ్యూ వ్యాఖ్యలు, జారీకి ముందు చిత్తుప్రతులు దీని కిందికి వస్తాయి."

"కన్సల్టెంట్ సాధనం అంటే ఒకటికి మించిన ప్రాజెక్టుల్లో వాడటానికి కన్సల్టెంట్ రూపొందించుకున్న లెక్కల షీటు, ప్రోగ్రాం లేదా ప్రామాణిక వివరం."

"ఒక పత్రం రెండు నిర్వచనాల కిందికీ వస్తే, ప్రాజెక్టుకు సంబంధించిన భాగం వర్కింగ్ ఫైలు. ఆ భాగాన్ని విడదీసి నకలు ఇవ్వాలి."

"అంతర్గత రికార్డులో నమోదైన ఏ విషయమైనా భవనం దృఢత్వాన్ని, వాడేవారి భద్రతను, లేదా జారీ చేసిన డ్రాయింగు ఖచ్చితత్వాన్ని ప్రభావితం చేసేదైతే, ఆ రికార్డు ఇవ్వనవసరం లేకపోయినా, ఆ విషయాన్ని క్లయింటుకు వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. బకాయి ఉన్నా, ఒప్పందం రద్దయినా ఈ బాధ్యత కొనసాగుతుంది."

చివరి పేరా లేకుండా మిగతా నాలుగూ ఎవరు అడిగినా నేను రాసివ్వను.

మామూలుగా ఈ నిర్వచనాలు ఆస్తి ఎవరిదన్న ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పి ఆగిపోతాయి. మేము నాలుగు ప్రశ్నలుగా విడగొట్టాం: ఫైలు ఎవరిది, కాపీరైట్ ఎవరిది, నకలు ఎవరికి అందాలి, ఎంతకాలం దాచాలి. వర్కింగ్ ఫైళ్ల మీద కాపీరైట్ కన్సల్టెంట్ దగ్గరే ఉంటుంది. క్లయింటుకు నకలు, ఈ భవనం కట్టడానికీ మరమ్మతుకూ విస్తరణకూ వాడుకునే అనుమతి ఉంటాయి. కన్సల్టెంట్‌కు తన నకలు ఉంచుకునే హక్కు ఉంటుంది. రేపు ఎవరైనా దావా వేస్తే తన పని చూపించుకోవడానికి అతనికి మరో ఆధారం ఉండదు. మొత్తం అప్పగించి నకళ్లు చెరిపేయమనే క్లాజులు కొందరు బిల్డర్లు పెడుతున్నారు. వాటి మీద సంతకం పెట్టవద్దని సంస్థలకు నా సలహా.

దాచే కాలం దగ్గర కొంత లెక్క ఉంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లోని 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలిపిన 30 రోజుల్లో ప్రమోటర్, అంటే బిల్డర్, ఉచితంగా సరిచేయాలి. అంటే చివరి రోజున ఫిర్యాదు వచ్చినా డిజైన్ లెక్కలు దొరకాలి. దాని మీద బిల్డర్ కన్సల్టెంట్‌ను అడగడానికి కాలపరిమితి చట్టం కింద సాధారణంగా మరో మూడేళ్లు. కలిపితే ఎనిమిది. కానీ స్వాధీనం ఒక్కో ఫ్లాటుకు ఒక్కో రోజు జరుగుతుంది, అమ్ముడుపోని ఫ్లాట్లు ఆలస్యమవుతాయి, ఆ తేదీలు కన్సల్టెంట్‌కు తెలియవు. అందుకని అందరికీ తెలిసే ఒక తేదీని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తేదీని, మొదలుగా పెట్టి పదేళ్లు అని రాశాం. ఆ తేదీ తెలియజేసే బాధ్యత క్లయింటుది.

నిర్వచనం ఎంత బాగా రాసినా, అనుబంధంలో ఒక పట్టిక లేకపోతే సైటు ఇంజనీరుకు అది ఉపయోగపడదు. ఫైలు రకం, ఏ నిర్వచనం కిందికి వస్తుంది, ఏ రూపంలో, ఏ దశలో ఇవ్వాలి. ఒకటిన్నర పేజీ పట్టిక. మోడల్ ఫైలును రద్దు రోజు కోసం ఆపకుండా, ప్రతి దశ బిల్లుతో పాటే అప్పటి ప్రతిని ఇచ్చేయడం ఇందులో చేర్చిన ముఖ్యమైన మార్పు. ఫైలు దగ్గర పెట్టుకుంటే బలం ఉంటుందని సంస్థ మొదట వెనకాడింది. కానీ బిల్లు, ఫైలు ఒకేసారి చేతులు మారితే, బకాయి పేరుకుపోయే అవకాశమే తగ్గుతుంది. వాట్సాప్ సూచనలను ప్రతి వారం చివర రిజిస్టర్‌లోకి ఎక్కించడం సైటు ఇంజనీరు పని.

ప్రైవేటు బిల్డర్లతో ఈ క్లాజు పెద్దగా అభ్యంతరం లేకుండానే సాగుతోంది. భద్రతా పేరా చదివాక చాలామంది రివ్యూ కాగితాలు అడగడం మానేస్తున్నారు. ఇబ్బంది ప్రభుత్వ టెండర్లలో వస్తోంది. అక్కడ ఒప్పందం ముందే అచ్చయి ఉంటుంది, ఒక్క పదం మార్చనివ్వరు. అన్ని రికార్డులూ శాఖవేనన్న వాక్యం వాటిలో తరచూ కనబడుతుంది. అలాంటప్పుడు బిడ్డు వేయకముందే, ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా ప్రశ్న వేయిస్తున్నాను: రికార్డులు అంటే సంస్థ సిబ్బంది గంటల పట్టికలు, రివ్యూ వ్యాఖ్యలు, సంస్థ సొంత లెక్కల సాధనాలు కూడా వస్తాయా? శాఖ ఇచ్చే లిఖిత జవాబును టెండరు పత్రాల్లో, ఆ తర్వాత ఒప్పందంలో భాగంగా చేర్చమని అదే లేఖలో కోరాలి. జవాబు రాకపోతే, ప్రశ్న అడిగిన లేఖ నకలును బిడ్డు ఫైలులోనే భద్రపరచాలి.